"ఐ డౌట్" అంటే అవుననా, కాదనా? ఈ ఒక్క మాటకి రెండున్నర గంటలు పోయాయి

నైట్‌షిఫ్ట్_నాని
గురువారం రాత్రి జరిగిందిది. మాది ప్రొడక్షన్ సపోర్ట్, అంటే నడుస్తున్న సిస్టమ్ ఆగిపోతే సరిచేసే పని. మేం హైదరాబాద్‌లో, క్లయింట్ అమెరికాలో. ఒంటిగంటకి పేమెంట్లు ఆగిపోయాయి. అందరం కాల్‌లోకి వచ్చాం. నేను లాగ్‌లు (సిస్టమ్ తనంతట రాసుకునే చిట్టా) చూస్తే డేటాబేస్ కనెక్షన్లు నిండిపోయాయేమో అనిపించింది. వెంటనే చాట్‌లో పెట్టాను: "ఐ డౌట్ ద కనెక్షన్ పూల్ ఈజ్ ఫుల్."

అటువైపు కాల్ నడిపిస్తున్నావిడ "ఓకే, థాంక్స్" అని, డేటాబేస్ వాళ్లని ఇక మీరు వెళ్లొచ్చని పంపేసింది. మిగిలినవాళ్లందరూ నెట్‌వర్క్ వెంట పడ్డారు. రెండున్నర గంటలు వెతికాక తేలిందేమిటంటే, కనెక్షన్లే నిండిపోయాయి. నేను మొదటి పది నిమిషాల్లో చెప్పిందే.

పొద్దున మీటింగ్‌లో "డేటాబేస్ కాదని మీరే అన్నారు కదా" అన్నారు. నేను అన్నది డేటాబేసే అని! మా వైపు ఐదుగురం తెలుగువాళ్లం ఆ వాక్యం చదివాం, ఐదుగురికీ ఒకటే అర్థమైంది. అటు ముగ్గురు చదివారు, ముగ్గురికీ సరిగ్గా తిరగబడి అర్థమైంది. సోమవారం రిపోర్ట్ రాసివ్వాలి. తప్పు నాదని రాయాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

డల్లాస్_పద్మ
తప్పు నీ వాక్యానిదే నానీ. ఇక్కడ "ఐ డౌట్ ఇట్" అంటే "అది కాదనుకుంటున్నాను" అని. నువ్వు రాయాల్సింది "ఐ సస్పెక్ట్". నేను ఎంఎస్‌కి వచ్చిన మొదటి నెలలో క్లాసులో చెయ్యెత్తి "ఐ హావ్ ఎ డౌట్" అన్నాను. ప్రొఫెసర్ బోర్డు వైపు తిరిగి తను రాసిన లెక్కంతా మళ్లీ చూసుకుని, "ఇందులో నీకు ఏ మెట్టు మీద నమ్మకం లేదు?" అని అడిగాడు. ఆయన కోప్పడలేదు, నిజంగానే తన లెక్కలో తప్పు పట్టాననుకున్నాడు. నేను అడగబోయింది ఆ గుర్తు పేరేమిటని మాత్రమే.

ఇంటర్_సెకండియర్
మరి మా కాలేజీలో సాయంత్రం ఆరింటికి డౌట్ అవర్ అనే పెడతారు. అక్కడ మేం అడిగేవన్నీ ప్రశ్నలే. మా సార్లందరూ తప్పు ఇంగ్లీషు మాట్లాడుతున్నట్టా?

పిడుగురాళ్ల_పిడుగు
అనుమానం పెనుభూతం అంటారు. గురువారం రాత్రి అది సర్వర్‌ని పట్టింది.

ఒంగోలు_ఇంగ్లీష్_టీచర్
నానీ గారూ, మీ వాక్యం ఎక్కడ తిరగబడిందో చూపిస్తాను. నేను ఇరవై ఏళ్లుగా పిల్లల రాతపుస్తకాల్లో చూస్తున్నదే ఇది.

మీ మనసులో తెలుగు వాక్యం ఇది: "కనెక్షన్లు నిండిపోయాయేమో అని డౌట్." ఇందులో అసలు పని చేస్తున్నది డౌట్ కాదు, దాని ముందున్న "ఏమో". "అయి ఉండొచ్చు" అన్న అర్థం అక్కడే వచ్చేసింది. "అని" దాన్ని మూటగట్టి డౌట్‌కి అందించింది. డౌట్ ఆ మూట మీద అతికించిన చీటీ మాత్రమే.

ఇంకో వాక్యం చూడండి: "కనెక్షన్లు నిండిపోయాయా అని డౌట్." ఒక్క "ఆ" మారింది, ఇప్పుడు నమ్మకం సగానికి పడిపోయింది. ఇంకోటి: "అంత తొందరగా నిండుతాయా? డౌటే." ఇక్కడ దాదాపు కాదనే. చూశారా, మూడింట్లోనూ అదే డౌట్. ముల్లు ఎటు తిరగాలో చెప్పేది ఏమో, ఆ, ఏ. తెలుగువాడికి డౌట్ ఏ పక్కకైనా వంగుతుంది.

ఇంగ్లీషులోకి వెళ్లేసరికి ఆ ఏమో, అని, ఆ అన్నీ రాలిపోతాయి. డౌట్ ఒక్కటే మిగులుతుంది. ఇంగ్లీషులో దానికి ఒంటరిగా ఒకే మొగ్గు ఉంది, "కాదేమో" వైపు. "అవునేమో"కి వాళ్లు వేరే మాట పెట్టుకున్నారు, సస్పెక్ట్. మనం ఒక్క మాటతో నడిపించే పనికి వాళ్లకి రెండు మాటలు.

నేను పిల్లలకి చెప్పే గుర్తు: మీ తెలుగు వాక్యం చివర "ఏమో" వస్తే సస్పెక్ట్, "నమ్మలేను" వస్తే డౌట్. ఐదుగురు తెలుగువాళ్లకి ఒకే అర్థం వచ్చిందంటే కారణం, ఐదుగురూ రాలిపోయిన "ఏమో"ని మనసులో మళ్లీ అతికించుకుని చదివారు.

నైట్‌షిఫ్ట్_నాని
టీచర్ గారూ, ఇది చదువుతుంటే ఒళ్లు జలదరించింది. సరిగ్గా అదే. నేను మనసులో అనుకున్నది "నిండిపోయాయేమో" అనే.

హైటెక్_హరి
విశ్లేషణ బాగుంది కానీ అంత దూరం అక్కర్లేదు. ఇది తప్పు ఇంగ్లీషు, అంతే. బళ్లో నేర్పలేదు, మనం సరిచేసుకోలేదు. నేను ఇంటర్వ్యూలు చేస్తుంటాను, "ఐ హావ్ వన్ డౌట్" అన్నవాళ్లకి అప్పుడే చెబుతాను, క్వశ్చన్ అనండి అని. దీన్ని భారతీయ ఇంగ్లీషు అని పేరు పెట్టి వెనకేసుకొస్తే రేపు ఇంకొకరికి ఇదే జరుగుతుంది.

ఎడిన్‌బరో_రవి
హరి గారూ, ఒక్క నిమిషం. నేను స్కాట్లండ్‌లో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. మా పక్కింటి పెద్దావిడ మబ్బు చూసి "ఐ డౌట్ ఇట్స్ గోయింగ్ టు రెయిన్" అంటుంది. అని, గొడుగు తీసుకుని బయల్దేరుతుంది! వాన వస్తుందేమో అని ఆవిడ భయం. స్కాట్లండ్‌లో పెద్దవాళ్ల నోట ఇది మామూలు మాట. మొదటిసారి విన్నప్పుడు మా అమ్మ మాట్లాడినట్టే అనిపించింది. నాని వాక్యం ఆవిడ చదివి ఉంటే డేటాబేస్ వాళ్లని ఆపేది.

హైటెక్_హరి
రవి గారూ, అక్కడ ఉంటే ఉండొచ్చు. నాని క్లయింట్ స్కాట్లండ్‌లో లేడుగా.

ఎడిన్‌బరో_రవి
లేడు, ఒప్పుకుంటాను. కానీ "తప్పు ఇంగ్లీషు" అన్నారే, ఆ మాటకి చెప్పాను. ఇక్కడివాళ్లు పుట్టినప్పటి నుంచి మాట్లాడే ఇంగ్లీషు అది. అంతేకాదు, ఒకప్పుడు లండన్‌లో కూడా ఇదే అర్థం ఉండేది. 1660లలో లండన్‌లో ఉన్న శామ్యూల్ పీప్స్ అనే ఉద్యోగి రాసుకున్న డైరీలో "ఐ డౌట్" అంటే చాలాచోట్ల "అలా జరుగుతుందేమో అని నా భయం" అనే. షేక్స్పియర్ నాటకంలో హామ్లెట్ కూడా "ఐ డౌట్ సమ్ ఫౌల్ ప్లే" అంటాడు, ఏదో మోసం జరిగిందని అనుమానపడుతూ. మోసం లేదని కాదు. తర్వాత బ్రిటన్ దక్షిణాదిన ఆ అర్థం పోయింది, ఉత్తరాన ఇక్కడ మిగిలింది.

తెనాలి_శాస్త్రి
రవి గారు "భయం" అన్నారు, అక్కడే ఆగాలి మనం. ఈ మాట ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో దానికి భయం అనే అర్థం కూడా ఉండేది. ఇవాళ్టికీ రిడౌటబుల్ అనే మాటలో ఆ భయం మిగిలి ఉంది, చూస్తేనే జంకేంతటివాడు అని.

ఇప్పుడు మన శంక చూడండి. సంస్కృతంలో శంక అంటే అనుమానమూ, భయమూ రెండూ. నిశ్శంకగా వెళ్లు అంటే సందేహం లేకుండా అనీ, బెదురు లేకుండా అనీ. తెలియనిదాని ముందు నిలబడ్డ మనిషికి ఆ రెండూ ఒకేసారి కలుగుతాయి కాబట్టి అక్కడా ఇక్కడా ఒకే మాటలో ఇమిడాయి.

ఇంకో సంగతి. డౌట్‌కి మూలం లాటిన్ దుబితారే. దాని లోపల ఉన్నది రెండు అనే సంఖ్య. జర్మన్‌లో సందేహాన్ని త్స్వైఫెల్ అంటారు, త్స్వై అంటే రెండు. మన వాక్యంలో అయితే ఆ రెండూ బయటికే కనబడతాయి: వస్తాడో రాడో. న్యాయశాస్త్రంలో, అంటే కోర్టు న్యాయం కాదు, మన పాత తర్కశాస్త్రంలో, గౌతముడు చెప్పిన పదహారు పదార్థాల్లో (చర్చించాల్సిన అంశాల్లో) మూడోది సంశయం. దానికి అందరూ చెప్పే ఉదాహరణ, మసక వెలుతురులో దూరంగా నిలువుగా ఏదో కనబడుతుంది. మోడా, మనిషా? రెండు పక్షాలూ సమానంగా లాగుతుంటేనే అది సంశయం.

నాని బాబూ, నీది అసలు సంశయమే కాదు. నువ్వు లాగ్‌లు చూసి కారణం ఊహించావు. కొండ మీద పొగ చూసి నిప్పుందని చెప్పడం అది. దాన్ని న్యాయశాస్త్రంలో అనుమానం అంటారు, అంటే గుర్తుని బట్టి నిర్ణయానికి రావడం. తెలుగులో ఆ మాట తర్వాత దిగజారి మొగుడూపెళ్లాల అనుమానం అయింది గానీ, పుట్టుకతో అది గట్టి ప్రమాణం, అంటే నిజం తెలుసుకునే దారి.

పిడుగురాళ్ల_పిడుగు
శాస్త్రి గారూ, శంక అన్నారు కాబట్టి చెబుతున్నా. మా ఊరి బళ్లో సంస్కృతం మాస్టారు ఉండేవారు. ఒకడు లేచి "లఘుశంక సార్" అన్నాడు. కొత్తగా వచ్చిన లెక్కల సారు పక్కనే ఉన్నారు. "చిన్న డౌటేగా, కూర్చునే అడుగు" అన్నారు.

స్టాఫ్‌నర్స్_గుంటూరు
పిడుగు గారూ, డ్యూటీలో ఉండి చదివి పైకే నవ్వేశాను. పేషెంట్ అటెండర్లందరూ నా వైపు చూశారు.

ఇంటర్_సెకండియర్
శాస్త్రి గారూ, మూలం దుబితారే అన్నారు. మరి స్పెల్లింగ్‌లో ఉన్న "బి" పలకం కదా. లాటిన్ నుంచి వచ్చినప్పుడు పలికేవారా?

ఒంగోలు_ఇంగ్లీష్_టీచర్
నేను చెబుతాను. ఇంగ్లీషువాళ్లు దాన్ని ఎన్నడూ పలకలేదు. వాళ్లకి వచ్చింది ఫ్రెంచి మాట, అందులో బి అప్పటికే అరిగిపోయింది. మొదట్లో బి లేకుండానే రాసేవారు. తర్వాత, లాటిన్ మీద గౌరవం పెరిగిన రోజుల్లో పండితులు "దీని వంశం లాటిన్" అని చూపించడానికి బి తెచ్చి ఇరికించారు. డెట్ అనే మాటకీ ఇలాగే తగిలించారు, సటిల్‌కీ ఇంతే. షేక్స్పియర్ నాటకం ఒకదాంట్లో ఒక పంతులు పాత్ర, జనం బి పలకకుండా డౌట్, డెట్ అంటున్నారని చిరాకుపడతాడు. పాపం జనమే సరి. అది ఆభరణంగా పెట్టిన అక్షరం.

డల్లాస్_పద్మ
హరి గారి మాటకి నాదీ ఒక జవాబు ఉంది, కానీ నేను మొదట చెప్పినదాన్నే కాస్త మార్చుకోవాల్సి వస్తుంది. మా ఆఫీసులో మెక్సికో నుంచి వచ్చిన సహోద్యోగిని ఉంది. మీటింగ్ మధ్యలో తను కూడా "ఐ హావ్ ఎ డౌట్" అంటుంది! స్పానిష్‌లో "తెంగో ఉనా దూదా" అంటే "నాకో ప్రశ్న ఉంది" అనే. దూదా కూడా అదే లాటిన్ దుబితారే బిడ్డ. నేనూ తనూ ఒకరి డౌట్ ఒకరికి ఇట్టే అర్థం చేసుకుంటాం, పక్కన పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు తికమక పడతారు. కాబట్టి ఇది మన ఒక్కరి తెలివితక్కువ కాదు. సగం ప్రపంచం ప్రశ్ననీ సందేహాన్నీ ఒకే మాటతో అడుగుతుంది.

బెజవాడ_రేడియో
ప్రశ్న అంటే సందేహం అని మనకి ఇంగ్లీషు రాకముందే ఉంది. విజయవాడ రేడియోలో ఉషశ్రీ గారి ధర్మసందేహాలు కార్యక్రమం విన్నవాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారో! ఆ సందేహాలంటే నమ్మకం లేకపోవడం కాదు. రాముడి మీద, ధర్మరాజు మీద ప్రాణం పెట్టుకున్నవాళ్లు అడిగిన ప్రశ్నలవి. నమ్మకం ఉన్నవాళ్లకే ఆ సందేహాలు వచ్చేవి. మా నాన్న రేడియో ముందు కూర్చుంటే ఇంట్లో గిన్నె చప్పుడు కాకూడదు.

ఇంటర్ పిల్లాడి డౌట్ అవర్ ఆ సందేహానికే ఇంగ్లీషు చొక్కా. "సందేహ నివృత్తి" అన్నది "డౌట్స్ క్లియర్ చేయడం" అయింది. క్లాసులో ప్రశ్న అంటే మాస్టారు మనల్ని అడిగేది, సందేహం అంటే మనం మాస్టారుని అడిగేది. ఆ తేడా మనకి ముఖ్యం. డౌట్ అన్నప్పుడు "మీరు చెప్పింది తప్పని కాదు, నాకు అందలేదు" అనే అణకువ అందులో ఉంది.

హైటెక్_హరి
అణకువ సంగతి నేను ఆలోచించలేదు. అది నిజం. మా అబ్బాయి కూడా సార్‌కి ఫోన్ చేసి "సార్ ఒక డౌట్" అనే మొదలుపెడతాడు, "సార్ ఒక ప్రశ్న" అంటే ఎదురు తిరిగినట్టుంటుంది. కానీ అదే అణకువ అవతలివాడికి అపనమ్మకంగా వినబడుతోందని పద్మ గారే చెప్పారు కదా. నా మాట అక్కడే ఉంది.

స్టాఫ్‌నర్స్_గుంటూరు
మా దగ్గర ఈ మాట వల్ల ప్రమాదం కాస్తలో తప్పింది. షిఫ్ట్ మారేటప్పుడు హ్యాండోవర్ ఇస్తాం. కొత్తగా చేరిన అమ్మాయి "సిస్టర్, ఏడో బెడ్ డెంగీ డౌట్" అని వెళ్లిపోయింది. నేను "డెంగీ ఉందని అనుమానం" అనుకుని ప్లేట్‌లెట్ల రిపోర్ట్ కోసం ఫోన్ చేశాను. నాతో ఉన్న కేరళ సిస్టర్ "డెంగీ అంటే డాక్టర్‌కి నమ్మకం లేదు, కాదంటున్నారు" అనుకుంది. కేస్ షీట్ తెరిస్తే డెంగీ ముందు ప్రశ్నార్థకం గుర్తు పెట్టి ఉంది. మేం దాన్ని క్వైరీ డెంగీ అని చదువుతాం, పరీక్ష చేసి తేల్చాలి అని. అప్పటి నుంచి నోటితో చెప్పేటప్పుడు కూడా "క్వైరీ" అనో "సస్పెక్టెడ్" అనో అనమని అందరికీ చెబుతాను. కరోనా రోజుల్లో పేపర్లలో "అనుమానిత కేసులు" అని రాసేవారు, గుర్తుందా? అది సరైన మాట. నానీ గారూ, మీకు పోయినవి రెండున్నర గంటలే, ఎవరికీ ఏమీ కాలేదు. అంత బాధపడకండి.

వరంగల్_వకీల్
డౌట్ మీద మా పొట్ట నడుస్తుంది కాబట్టి నేనూ ఒక మాట. క్రిమినల్ కేసులో ప్రాసిక్యూషన్ నేరాన్ని "బియాండ్ రీజనబుల్ డౌట్" రుజువు చేయాలి. మా క్లయింట్లు అడుగుతుంటారు, "జడ్జిగారికి నా మీద డౌట్ ఉంటే శిక్ష పడుతుందా సార్?" అని. వాళ్ల తెలుగులో డౌట్ అంటే "వీడే చేశాడేమో" అన్న అనుమానం. కోర్టు డౌట్ అంటే "వీడు చేయలేదేమో" అన్న సందేహం. జడ్జిగారికి మొదటి రకం డౌట్ ఎంతున్నా శిక్ష వేయరాదు. రెండో రకం సహేతుకంగా ఉంటే వదిలేయాల్సిందే. బెనిఫిట్ ఆఫ్ డౌట్ అంటే అదే. ఈ రెండు డౌట్లూ విడదీసి చెప్పడానికి నాకు ఒక్కోసారి అరగంట పడుతుంది, టీచర్ గారి "ఏమో" సూత్రం రేపటి నుంచి వాడుకుంటా.

అయితే ఏ డౌటైనా చాలదు. 1973లో శివాజీ సాహెబ్‌రావ్ బొబాడే కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ గారు ఈ సూత్రాన్ని అతిగా పట్టుకుని వేలాడితే సమాజ రక్షణ దెబ్బతింటుందని హెచ్చరించారు. ఊహకి తట్టే ప్రతి చిన్న అనుమానమూ సహేతుకం కాదన్నమాట. 2024 జూన్ దాకా అమల్లో ఉన్న 1872 నాటి సాక్ష్య చట్టంలో "రుజువైంది" అన్నదానికి ఇచ్చిన నిర్వచనంలో డౌట్ అనే మాటే ఉండేది కాదు. వివేకం గల మనిషి నమ్మి నడుచుకునేంతగా ఉండాలి అన్నారు, అంతే.

కవర్‌డ్రైవ్_కడప
క్రికెట్‌లో బ్యాట్స్‌మన్‌కి ఇచ్చేదీ అదే బెనిఫిట్ ఆఫ్ డౌట్. క్యాచ్ అనుమానంగా ఉంటే ముందు మైదానంలో అంపైర్ సాఫ్ట్ సిగ్నల్ (ఔటో కాదో తన అంచనా) ఇచ్చి థర్డ్ అంపైర్‌కి పంపేవాడు. 2023 జూన్ నుంచి అదీ తీసేశారు. మంచి పని చేశారు, దూరం నుంచి కనబడనిదాని మీద ముందే మాట ఇవ్వడం ఏమిటి?

బ్యాంకు_బాబాయి
రిటైరైన బ్యాంకు మనిషిని. మా పుస్తకాల్లో డౌట్‌ఫుల్ అంటే ఎవరి అభిప్రాయమూ కాదు, క్యాలెండర్ లెక్క. అప్పు 90 రోజులు దాటి బకాయి పడితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. ఆ తర్వాత 12 నెలలు సబ్‌స్టాండర్డ్ అనే మొదటి మెట్టులో ఉంటే డౌట్‌ఫుల్. కామర్స్ చదివినవాళ్లకి సంశయాత్మక బాకీలు గుర్తుండే ఉంటాయి.

ఒకసారి ఒక రైతు తన ఖాతా పక్కన డౌట్‌ఫుల్ అని చూసి "నా మీద డౌటా బాబూ?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "మీ మీద కాదు, డబ్బు తిరిగొచ్చే తేదీ మీద" అని చెప్పాను. ఆయనకి ఆ తేడా ఎక్కలేదు, ఎక్కాల్సిన పనీ లేదు. తెలుగులో మనిషి పేరు పక్కన డౌట్ అని రాస్తే అది పరువు మాట. నాకు ఆ ముఖం ఇంకా గుర్తుంది.

డల్లాస్_పద్మ
బాబాయి గారూ, మీరు కూర్చోబెట్టి చెప్పారు, అది చాలు. చాలామంది అది కూడా చెయ్యరు.

సువార్త_నెల్లూరు
శాస్త్రి గారు రెండు అన్నప్పటి నుంచి ఒకటి చెప్పాలనుంది. ఇంగ్లీషులో "డౌటింగ్ థామస్" అంటారు కదా, యేసు తిరిగి లేచాడంటే, గాయాల్లో వేలు పెట్టి చూస్తే గాని నమ్మనన్న శిష్యుడు తోమా. మన తెలుగు బైబిల్లో ఆయన్ని "దిదుమ అనబడిన తోమా" అని రాస్తారు. దిదుమ అంటే గ్రీకులో కవల, అంటే ఇద్దరిలో ఒకడు. డౌట్‌లో ఉన్న రెండూ, ఆయన పేరులో ఉన్న రెండూ! ఆ తోమానే మన దేశానికి వచ్చి చెన్నైలో పరంగిమలై దగ్గర ప్రాణం విడిచాడని సంప్రదాయం. నాకైతే ఆయన అడిగింది అపనమ్మకం అనిపించదు. రేడియో గారు చెప్పిన ధర్మసందేహం లాంటిదే. చూశాక "నా ప్రభువా, నా దేవా" అన్నది కూడా ఆయనే.

తెనాలి_శాస్త్రి
అమ్మా, అది నాకు తట్టలేదు. గీతలో "సంశయాత్మా వినశ్యతి" అని ఉంది. దాన్ని పట్టుకుని ప్రశ్నలే అడగొద్దనేవాళ్లకి నేను ఎప్పుడూ గుర్తుచేసేది, ఆ మాట ఉన్న పుస్తకమంతా అర్జునుడి సందేహాల మీదే నడిచిందని. మీ తోమాకీ అదే వర్తిస్తుంది.

ఫ్రెంచ్_నేర్చుకుంటున్నా
ఒకటి అదనంగా. ఫ్రెంచిలో "సాం దూత్" అంటే మాటకి మాటగా "డౌట్ లేకుండా". కానీ ఇవాళ దాని అర్థం "బహుశా"! నిజంగా డౌట్ లేదని చెప్పాలంటే మధ్యలో ఇంకో మాట చేర్చి "సాం జొకాం దూత్" అనాలి. ఇంగ్లీషు "నో డౌట్" కూడా చాలాసార్లు ఇంతే కదా? "నో డౌట్ హి విల్ బి లేట్" అంటే "ఎలాగూ ఆలస్యంగానే వస్తాడులే" అని ఊహే. మనం "డౌటే లేదు" అంటే మాత్రం నూటికి నూరు.

ఇంటర్_సెకండియర్
"డౌటే" అంటే రాడు, "డౌటే లేదు" అంటే తప్పకుండా వస్తాడు, "డౌట్‌గా ఉంది" అంటే ఏదో తేడా ఉంది, "డౌటొచ్చింది" అంటే పట్టేశా. మనదే ఎక్కువ కష్టం!

హైటెక్_హరి
సరే, నేను ఒక మెట్టు దిగుతాను. మనలో మనం మాట్లాడుకునే డౌట్ తప్పు కాదు, అది తెలుగు మాటైపోయింది. క్లాసులో కూడా ఉండనివ్వండి. కానీ ఆసుపత్రి చీటీ, కోర్టు, ప్రొడక్షన్ కాల్, ఈ మూడు చోట్లా మాత్రం వద్దు. అక్కడ అవతలివాడు మన వాక్యం చదివి ఒక పని చేస్తాడు లేదా మానేస్తాడు.

వరంగల్_వకీల్
దీనికి అభ్యంతరం లేదు. కోర్టులో మాత్రం డౌట్ లేకుండా ఎట్లా హరి గారూ, మేమంతా ఇంటికి పోవాలె.

నైట్‌షిఫ్ట్_నాని
రిపోర్ట్ రాశాను, సోమవారం ఇచ్చేశాను. ఎక్కడ ఏం జరిగిందో ఉన్నదున్నట్టు పెట్టాను: మా దేశంలో ఈ మాటని "అలా అయి ఉండొచ్చు" అనే అర్థంలో వాడతాం, చదివినవాళ్లు "అలా కాదు" అనుకున్నారు, ఏ పక్కా తిరిగి అడగలేదు. క్షమాపణ కూడా రాశాను, వాక్యం నాదే కాబట్టి. మీటింగ్‌లో ఆవిడ చదివి, "నేను ఒక్కసారి అడిగి ఉండాల్సింది, డేటాబేస్ వాళ్లని పంపేసింది నేనే" అంది. ఆ మాట నేను ఊహించలేదు. గురువారం నుంచి మొదటిసారి నిద్రపట్టింది.

ఇకపై కాల్‌లో ఎవరు ఏ కారణం చెప్పినా మూడు ముక్కలు రాయాలని పెట్టుకున్నాం: ఏది అనుకుంటున్నాం, ఏం చూసి అనుకుంటున్నాం, ఎవరు చూడాలి. నా పాత వాక్యాన్ని ఇలా మార్చి ఉదాహరణగా పెట్టాను: "ఐ థింక్ ద పూల్ ఈజ్ ఫుల్. లాగ్స్‌లో టైమ్‌అవుట్లు కనబడుతున్నాయి. డేటాబేస్ టీమ్ చూడాలి." శాస్త్రి గారి పొగ, నిప్పు రెండూ ఉన్నాయి ఇందులో.

ఒంగోలు_ఇంగ్లీష్_టీచర్
బాగుంది నానీ గారూ. నేను చెప్పిన సస్పెక్ట్ కన్నా మీ థింక్ నయం. ఎవరూ తిరగేసి చదవలేరు.

స్టాఫ్‌నర్స్_గుంటూరు
ఆ మూడు ముక్కలూ మా హ్యాండోవర్ పుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాను. రాత్రి డ్యూటీ అమ్మాయి ఏడో బెడ్ గురించి అలాగే చెప్పి వెళ్లింది.